మేకు కొట్టే ముందు

(పాత భవనాల మరమ్మతు పనిలో ఉన్న ఒక ఆర్కిటెక్టు విజయవాడలో ఒక సాయంత్రం చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల వారికి వినిపిస్తోందా అండీ? సరే.

మాట్లాడే ముందు ఈ సంచిలోంచి రెండు పెళ్లలు తీసి బల్ల మీద పెడుతున్నాను. రెండూ పాత గుంటూరులోని ఒకే మేడవి, ఒకే గోడవి. ఇది లోపలి పొర, డంగు సున్నంతో మెత్తింది, వందేళ్లు దాటింది. ఇది ఆ తరవాత వేసిన సిమెంటు, దాని మీద ప్లాస్టిక్ పెయింటు. రెండింటి మీదా ఒక్కో చుక్క నీళ్లు వేస్తున్నాను, ముందు వరస వాళ్లు కాస్త వంగి చూడండి. సున్నం మీద చుక్క ఇలా పడి అలా ఇంకిపోయింది. తడి మచ్చ కనిపిస్తోంది కదా, ఫ్యాను గాలికి కాసేపట్లో అదీ ఆరిపోతుంది. పెయింటు మీది చుక్క మాత్రం తామరాకు మీది నీటిబొట్టులా అలాగే నిలబడింది. చూసేవాళ్లకి రెండోదే గట్టి గోడ అనిపిస్తుంది. నాకూ అప్పట్లో అలాగే అనిపించింది. ఆ గోడకి సిమెంటు వేయించింది నేనే.

చదువు పూర్తయి నాలుగైదేళ్లయింది అప్పటికి. ఆ ఇంటివాళ్లు మంచి మనసుతో కింది హాలుని బొమ్మలు పెట్టుకోవడానికి ఇచ్చారు. అంతకు ముందే పోయిన ఒక చిత్రకారుడి నీటిరంగుల బొమ్మలు అవి, ముప్ఫై దాకా ఉంటాయి. గోడ అడుగున మూడడుగుల ఎత్తు వరకు సున్నం పొడి రాలుతోంది, తెల్లగా ఉప్పు పూస్తోంది. నన్ను సలహా అడిగారు. నేను పాత పూత చెక్కించేసి, నాలుగడుగుల ఎత్తు వరకు సిమెంటు కొట్టించి, పైనంతా పెయింటు వేయించాను. హాలు పెళ్లిపందిరిలా మెరిసింది. బొమ్మలు వరసగా మేకులకి తగిలించాం. ప్రారంభం రోజున అందరూ మెచ్చుకున్నారు.

రెండు వర్షాకాలాలు గడిచాయి. ఒకరోజు ఆ చిత్రకారుడి భార్య నుంచి ఫోను వచ్చింది, వెళ్లాను. ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఒక బొమ్మని గోడ మీంచి దించి, తిప్పి, వెనక వైపు చూపించారు. అట్ట మీద ఆవగింజలు చల్లినట్టు నల్లటి చుక్కలు. ముందు వైపు కృష్ణ ఒడ్డున పడవల బొమ్మ, అందులో ఆకాశం ఉండాల్సిన చోట కాగితం బుడిపెలు కట్టి అలలు తేలింది. మిగతావీ తీసి చూశాం. పదకొండు బొమ్మలకి బూజు పట్టింది.

జరిగిందేమిటంటే, నేల్లో చెమ్మ ఎప్పుడూ ఉంటుంది. పాత ఇళ్లకి పునాదిలో ఇప్పట్లా తడి ఆపే పొర ఉండదు. దీపపు వత్తి నూనె పీల్చినట్టు ఇటుక ఆ చెమ్మని పీల్చి పైకి లాగుతుంది. సున్నపు పూత దాన్ని గాలిలోకి వదిలేస్తూ ఉంటుంది, ఆ క్రమంలో ఉప్పు పూస్తుంది, కొంచెం కొంచెం పొడి రాలుతుంది. అది జబ్బు కాదు, గోడ చేసుకునే పని. రాలిన చోట మళ్లీ సున్నం పూస్తే సరిపోయేది. నేను సిమెంటుతో ఆ దారి మూసేశాను. చెమ్మ ఎక్కడికి పోతుంది? సిమెంటు దాటి ఇంకా పైకి ఎక్కింది. అయిదడుగుల ఎత్తుకి వచ్చేసరికి అక్కడ సరిగ్గా బొమ్మలున్నాయి.

ఆ గోడని మళ్లీ బాగుచేయడానికి తెనాలి వైపు నుంచి ఒక పెద్ద తాపీ మేస్త్రి గారిని తీసుకొచ్చాం. ఆయన గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉంచారు. తరవాత, "అమ్మాయిగారూ, చెమ్మ గోడలో ఉండేదేనండీ. పోనిచ్చామా లేదా అన్నదే లెక్క," అన్నారు. నేను కాలేజీలో అయిదేళ్లు చదివింది కూడా ఈ మాటే. చదువుకున్నప్పుడు అది నా చేతుల దాకా రాలేదు.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నదల్లా ఒకటే. పాత మేడని బాగుచేసి అందులో కళాప్రదర్శన పెట్టాలనుకుంటే, అక్కడ మొట్టమొదటి ప్రదర్శన వస్తువు ఆ మేడే. తరవాత తెచ్చిపెట్టేవన్నీ దాని ఇంటికి వచ్చిన చుట్టాలు. చుట్టం ఎంత గొప్పవాడైనా ఇంటి పద్ధతి ప్రకారం నడుచుకోవాలి.

మన ఊరి భవనంతోనే మొదలుపెడతాను. బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం. పెద్దవాళ్ల నోట్లో ఇప్పటికీ అది విక్టోరియా మ్యూజియమే. విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా కట్టిన భవనం. 1887 జూన్ 27న దానికి శంకుస్థాపన చేసింది రాబర్ట్ సెవెల్. విజయనగర సామ్రాజ్య చరిత్ర రాసిన సెవెల్ గారే. అంతకు పదేళ్ల ముందు, 1877లో, అమరావతిలో పాత బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బ, దీపాలదిన్నెలో తవ్వకం జరిపించిందీ ఆయనే. నాకు ఈ సంగతి తెలిసిన రోజున చాలాసేపు ఆ గేటు దగ్గరే నిలబడిపోయాను. అక్కడ నేల తవ్వి శిల్పాలు తీయించిన మనిషే, ఇక్కడ ఒక ప్రదర్శనశాలకి మొదటి రాయి పెట్టాడు.

ఆ తరవాత 1921లో మార్చి 31న, ఏప్రిల్ 1న బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసుకి కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానించింది ఇక్కడే. పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా అందించిందీ ఆ రోజుల్లోనే, ఈ భవనంలోనే అని మన నగరం గర్వంగా చెప్పుకుంటుంది. 1962లో పురావస్తు శాఖ చేతికి వచ్చి మ్యూజియం అయింది. చాలా ఏళ్లు మూసి ఉంచి, బాగుచేసి, 2020 అక్టోబరు 1న బాపు మ్యూజియం పేరుతో మళ్లీ తెరిచారు.

అంటే రాణిగారి ఉత్సవం కోసం పుట్టిన ఇల్లు, ముప్ఫై నాలుగేళ్లకే ఆ రాణిగారి సామ్రాజ్యాన్ని పొమ్మన్న జెండా చూసింది. లోపల బుద్ధ విగ్రహాలు, కాకతీయుల నాటి రాళ్లు, నాణేలు, కత్తులు ఎన్నైనా ఉండొచ్చు. వాటిని చూడ్డానికి వెళ్లేవాళ్లు గుమ్మం దాటే ముందు రెండు నిమిషాలు బయట నిలబడి ఆ భవనాన్ని చూడాలని నా కోరిక. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు నేను ముందు కమానులు లెక్కపెట్టమంటాను. లోపలికి వెళ్లాక తల ఎత్తి పైకప్పు చూడమంటాను. నేల చూపులు చూసే అలవాటు మనకి మ్యూజియాల్లోనే వస్తుంది, గాజు పెట్టెలన్నీ నడుము ఎత్తులో ఉంటాయి కనక.

అమరావతి సంగతి ఎత్తాను కాబట్టి ఇంకొంచెం చెప్పనివ్వండి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు చింతపల్లి నుంచి అమరావతికి మకాం మార్చి కొత్త ఊరు కట్టించారు. ఆ కట్టుబడికి దీపాలదిన్నె ఇటుకలూ రాళ్లూ అందుబాటులో ఉన్నాయి, వాడారు. 1797లో కాలిన్ మెకంజీ అనే ఇంగ్లీషు సర్వే అధికారి వచ్చి చూశాడు. 1816లో చిత్రకారుల్ని వెంటబెట్టుకొచ్చి కొలతలతో బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే మద్రాసు అధికారి తవ్వించి శిల్పాలు మద్రాసుకి చేర్చాడు, అందులో చాలా భాగం లండన్ వెళ్లింది. ఇవాళ ఆ స్తూపం చూడాలంటే కొంత అమరావతిలో, కొంత చెన్నైలో, కొంత బ్రిటిష్ మ్యూజియంలో వెతుక్కోవాలి.

మరి స్తూపం నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకెలా తెలిసింది? శిల్పులు స్తూపం చుట్టూ బిగించిన పలకల మీద స్తూపాన్నే చెక్కారు. బోర్లించిన గిన్నెలాంటి అండం, ప్రాకారం, నాలుగు దిక్కులా ఆయక స్తంభాలనే అయిదేసి రాతి స్తంభాలు, గుమ్మం దగ్గర సింహాలు, పైన గొడుగులు, పూలదండలు పట్టుకుని ఎగురుతున్న దేవతలు అన్నీ ఒక్క పలకలో. ఒక కట్టడం తన బొమ్మని తన ఒంటి మీదే చెక్కించుకుంది. కట్టడం పోయినా ఆ బొమ్మ చూసే పండితులు నమూనాలు తయారుచేశారు. వాస్తుకళని ప్రదర్శించడం అంటే ఏమిటని విద్యార్థులు నన్ను అడిగితే ఈ పలకలే చూపిస్తాను. పల్నాటి సున్నపురాయి మీద, సుమారు పద్దెనిమిది వందల ఏళ్ల కిందట, మనవాళ్లు చేసి పెట్టారు. ఆ పలకల్లో ఒకటి రెండువైపులా చెక్కిందుంది, లండన్‌లో ఉంది. ఒకవైపు పాతకాలపు బోధివృక్ష పూజ. కొన్ని వందల ఏళ్ల తరవాత అదే రాయిని తిప్పి రెండోవైపు స్తూపాన్ని చెక్కారు. పాతదాన్ని చెరిపేయలేదు, గోడవైపుకి తిప్పారు. మరమ్మతు పని చేసేవాళ్లందరం నేర్చుకోవాల్సిన మర్యాద అది.

బయటి దేశాల్లో ఇళ్లని మ్యూజియాలు చేసిన పద్ధతులు మూడు చెప్తాను. వాటిలో ఏది మనకి పనికొస్తుందో తేల్చుకుందాం.

లండన్‌లో సర్ జాన్ సోన్ అని ఆర్కిటెక్టు ఉండేవాడు, 1837లో పోయాడు. తన ఇంటిని ఉన్నదున్నట్టు ఉంచాలని 1833లోనే పార్లమెంటు చేత చట్టం చేయించుకున్నాడు. ఆయన రాయల్ అకాడమీలో పాఠాలు చెప్పేవాడు. పాఠానికి ముందు రోజూ, తరవాతి రోజూ విద్యార్థులకి ఇల్లు తెరిచి పెట్టేవాడు. ఆ ఇంట్లో బొమ్మల గది ఒకటుంది. మన వంటగది కంటే పెద్దదేం కాదు, కానీ అందులో వందకి పైగా చిత్రాలున్నాయి. ఎలాగంటే గోడలే తలుపుల్లా తెరుచుకుంటాయి. ఒక పలక తెరిస్తే వెనక ఇంకో వరస బొమ్మలు, అదీ తెరిస్తే ఇంకొకటి. వెలుతురు పైనుంచి వస్తుంది. మేకు కొట్టడానికి చోటు లేదని ఆయన ఇల్లు పెద్దది చేయలేదు, గోడకి మడతలు పెట్టాడు.

అమెరికాలో బోస్టన్‌లో ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ అనే ఆవిడ వెనిస్ మేడల తీరులో ఒక భవనం కట్టించి 1903లో తెరిచారు. నడిమధ్య నాలుగంతస్తుల ఎత్తున వాకిలి, అందులో మొక్కలు, పైన గాజు కప్పు. ఫొటో చూడగానే నాకు మండువా లోగిలి గుర్తొచ్చింది. ఆవిడ వీలునామాలో, తాను అమర్చిన అమరిక మార్చకూడదని రాశారు. 1990 మార్చి 18న అక్కడ దొంగతనం జరిగి పదమూడు కళాఖండాలు పోయాయి, రెంబ్రాంట్‌వీ, వెర్మీర్‌దీ ఉన్నాయి వాటిలో. ఇప్పటికీ దొరకలేదు. ఖాళీ చట్రాలు మాత్రం అదే గోడ మీద అలాగే వేలాడుతున్నాయి. ఆవిడ మాట మీద గౌరవం నాకూ ఉంది. అయినా ఏమీ కదపకూడదన్న పద్ధతి మన ఊళ్లకి సరిపడదని నా అభిప్రాయం. కదలిక లేని ఇంటికి మనవాళ్లు ఒక్కసారి వస్తారు, రెండోసారి రారు.

మూడోది షికాగోలో డ్రీహాస్ మ్యూజియం. 1871లో ఆ ఊరు మంటల్లో మాడిపోయింది. ఆ భయంతో నికర్సన్ అనే బ్యాంకరు నిప్పుకి తట్టుకునే ఇల్లు కావాలని కట్టించుకున్నాడు. 1883లో పూర్తయింది. లోపల ఎన్ని రకాల పాలరాయో! జనం దాన్ని పాలరాతి మేడ అనేవారు. తరవాత చేతులు మారి, 1919 నుంచి చాలా కాలం శస్త్రవైద్యుల సంఘం వారి దగ్గరుంది. 2003లో రిచర్డ్ డ్రీహాస్ తీసుకుని అయిదేళ్లు బాగుచేయించి, 2008లో మ్యూజియంగా తెరిచాడు. బయటి రాతి మీద వందేళ్ల పొగమసి ఉంటే లేజర్ కిరణాలతో తీయించారు. ఇసక కొట్టి గీకితే రాయి చర్మం లేచిపోతుంది మరి.

అక్కడ నాకు నచ్చింది మరమ్మతు ఒక్కటే కాదు. ఇల్లు 1880ల నాటిదిగానే ఉంచి, ఇవాళ్టి కళాకారుల్ని పిలిచి, ఈ ఇంటితో మాట్లాడండి అంటారు. 2019లో యింకా షోనిబారే అనే కళాకారుడి పని పెట్టారు. ఆయన వాడే బట్ట చూడ్డానికి ఆఫ్రికా బట్ట. అసలు చూస్తే మైనం పూసి రంగులద్దే ఇండోనేషియా బాతిక్‌ని డచ్చివాళ్లు అచ్చుయంత్రాల మీద నకలు చేసి ఆఫ్రికాలో అమ్మినది. కోటీశ్వరుడి డబ్బుతో మెరిసిపోతున్న గదుల్లో ఆ బట్ట కట్టిన బొమ్మలు నిలబెడితే, ఈ డబ్బు ఎక్కడిది అని గది తనకి తానే ప్రశ్న వేసుకున్నట్టు ఉంటుంది. ఒక్క మేకు కొట్టకుండా ఇల్లంతా మారిపోయింది.

అంత దూరం దేనికి, ముంబయిలో భావు దాజీ లాడ్ మ్యూజియం ఉంది. 1872లో జనానికి తెరిచిన భవనం, బాగా పాడైపోతే నగరపాలక సంస్థ, జమ్నాలాల్ బజాజ్ ఫౌండేషన్, వారసత్వ కట్టడాల కోసం పనిచేసే సంస్థ ఇంటాక్, ముగ్గురూ ఒప్పందం రాసుకుని బాగుచేశారు. 2005లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డుల్లో అత్యున్నత బహుమతి వచ్చింది. వాళ్లూ ఇప్పటి కళాకారుల్ని పిలిచి, పాత సేకరణకి జవాబుగా కొత్త పని చేయించి అక్కడే పెడుతున్నారు. హైదరాబాదు చౌమహల్లాకి 2010లో యునెస్కో గుర్తింపు వచ్చింది, మీలో చాలామంది చూసే ఉంటారు. విశాఖ బీచ్ రోడ్డులో డచ్చివారి బంగళాలో మ్యూజియం నడుస్తోంది. మన దగ్గర జరగదు అనడానికి వీల్లేదు.

ఇప్పుడు మళ్లీ ఆ పాత గుంటూరు మేడకి వస్తాను.

బూజు పట్టిన బొమ్మలు నిపుణుల చేత బాగుచేయించాం. మూడు పూర్తిగా బాగుపడలేదు. ఆ కుటుంబం నన్ను తిట్టి పంపేయొచ్చు, పంపలేదు. గోడ ఎలా కావాలో అలాగే చేయమన్నారు. మేస్త్రి గారు పెరట్లో గొయ్యి తవ్వించి, బట్టీలో కాల్చిన సున్నపురాయి తడిపించారు. రాయి నీళ్లలో పడగానే బుసలు కొట్టి ఉడికింది. అలా ఉడికిన సున్నం నెలల తరబడి నీళ్ల కింద నానింది. పూర్వం ఎడ్లు గానుగ తిప్పితే రాతిచక్రం కింద ఇసకా సున్నం కలిసి మెత్తగా నలిగేవి, డంగు సున్నం అంటే అదీ. మాకు ఎడ్లు దొరకలేదు, మోటారు గానుగ పెట్టాం. బెల్లం, కరక్కాయలు దంచి నానబెట్టిన నీళ్లు అందులో పోశారు. వారం రోజులు ఆ పెరడంతా పులిసిన చెరుకురసం వాసన. సిమెంటు మొత్తం ఊడగొట్టి, గోడని ఒక ఎండాకాలం అలాగే ఆరనిచ్చి, అప్పుడు పూత మొదలుపెట్టాం. తొందరపెట్టినవాళ్లకి ఆయన ఒకటే జవాబు చెప్పేవారు: "పిల్లకి తల తుడవకుండా జడ వేస్తామా అండీ?"

హాలు మూలలో రెండడుగుల చదరం మాత్రం పూయకుండా వదిలేయమన్నాను. సర్జన్లు వాడే చిన్న కత్తితో అక్కడ ఒక్కో పొరా మెట్లు మెట్లుగా గీకి తెరిచాం. అన్నిటికంటే అడుగున ఇటుక. దాని మీద ఇసక సున్నం. దాని మీద గుడ్డు పెంకులా నున్నగా ఉన్న పూత. ఆ పైన నీలిమందు కలిపిన తెల్ల సున్నం, పొర మీద పొర, ప్రతి సంక్రాంతికీ వేసిందే. మధ్యలో ఒకచోట పసుపు పచ్చ రామరజం. ఇంట్లో పెద్దావిడ అది చూసి, "మా అత్తగారి పెళ్లప్పుడు వేయించారట," అన్నారు. దాని మీద ఆకుపచ్చ డిస్టెంపరు, కరెంటు వచ్చిన కాలంది. చివరికి నేను వేయించిన పెయింటు. ఆ పొర కూడా తీసేయకుండా అంగుళం మేర ఉంచాను. పక్కన చీటీలో, ఇది తప్పు పని అని, చేసింది ఎవరో రాసి పెట్టాను. ఆ హాల్లో అందరూ ఎక్కువసేపు నిలబడేది ఆ రెండడుగుల చదరం ముందే. వాస్తుకళా ప్రదర్శన అంటే నమూనాలూ నక్షాలూ అనుకుంటాం. అవీ కావాలి. కానీ ఇల్లే అక్కడ ఉన్నప్పుడు, దాని చొక్కా గుండీ ఒకటి విప్పి చూపిస్తే చాలు.

తరవాత ఏ ప్రదర్శన పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. బందరు కలంకారీ పెడదామన్నాను. కారణం ఉంది. కలంకారీ బట్టకి రంగు పట్టాలంటే ముందు కరక్కాయ నీళ్లలో ముంచుతారు. కరక్కాయలోని వగరు వల్లే ఇనుము, బెల్లం కలిసి ఊరిన కసింకారం తగలగానే నలుపు తేలుతుంది. పటిక అద్దిన చోట చిరివేరు ఎరుపు పడుతుంది. అంటే గోడకీ, గోడ ముందు వేలాడే బట్టకీ ఒకే కాయ. హాలు మధ్యలో ఇత్తడి పళ్లెం నిండా కరక్కాయలు పోసి పెట్టాం. చీటీ రాయలేదు. ఎడమ పక్క గోడ పొరల చదరం, కుడి పక్క బట్ట. జనం పళ్లెం దగ్గర ఆగి అటూ ఇటూ చూసేవారు. ఒక అమ్మమ్మ ఒక కాయ తీసుకుని వాసన చూసి, దగ్గుకి మంచిదని మనవరాలికి చెప్పింది. అదీ ప్రదర్శనలో భాగమే.

బట్టలు ఎలా వేలాడదీశామన్నది మీలో ఇలాంటి పని తలపెట్టేవాళ్లకి ముఖ్యం. గోడకి మేకు లేదు. పైకప్పు దూలానికి రెండు జానల కింద పాతకాలపు చెక్కపట్టీ ఉంది, దాని నుంచి సన్నటి స్టీలు తీగలు దించాం. పట్టీ లేని గదుల్లో వాటంతట అవే నిలబడే చెక్క చట్రాలు పెట్టాం, గోడకి జానెడు ఎడం ఉంచి. ఆ ఎడంలోనే గాలి ఆడుతుంది. రేపు ప్రదర్శన ఎత్తేస్తే ఇంటి ఒంటి మీద గీత కూడా మిగలకూడదు.

వెలుతురు సంగతి. సహజరంగుల బట్టకీ, నీటిరంగుల బొమ్మకీ యాభై లక్సులు మించకూడదని మ్యూజియం వాళ్ల లెక్క, లక్సు అంటే వెలుతురు కొలత. తైలవర్ణాలకి రెండు వందల దాకా పరవాలేదు. మన బెజవాడ ఎండలో కిటికీ పక్కన వెయ్యి సునాయాసంగా దాటుతుంది. వెలుతురు చేసిన నష్టం రాత్రి దీపం ఆర్పితే తిరిగిరాదు, అప్పు మీద వడ్డీలా పోగవుతూనే ఉంటుంది. అలాగని కిటికీలు ప్లైవుడ్డుతో మూసేస్తే ఇల్లు గోడౌను అవుతుంది. ఆ మేడలో వెదురు తడకలు, లోపల పల్చటి ఖద్దరు తెర కట్టాం. ప్రతి బట్టనీ మూడు నెలలు మాత్రమే చూపించి, ఆ తరవాత చీకట్లో పడుకోబెట్టాం. మండువా ఇళ్లకి ఇది ఇంకా తేలిక. వాకిట్లో పడ్డ ఎండ నేల మీంచి చిలికి వసారా లోపలికి మెత్తగా వస్తుంది. వసారా లోపలి గోడ బొమ్మలకి మంచి చోటు.

ఏసీ గురించి అడుగుతారని తెలుసు. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేయడం కంటే అసలు లేకపోవడమే మేలు. చల్లబడినప్పుడొకలా, వేడెక్కినప్పుడొకలా కాగితం, చెక్క సాగుతూ ముడుచుకుంటూ ఉంటే రంగు నెర్రెలిస్తుంది, గోడలో ఉప్పు గడ్డకట్టి పూతని తోసేస్తుంది. మందపాటి సున్నపు గోడలు, ఎత్తయిన కప్పు, ఎదురెదురు కిటికీలు ఉన్న ఇంటికి సొంత వాతావరణం ఉంది. దాన్ని చెడగొట్టకుండా ఉంటే చాలావరకు సరిపోతుంది.

బరువుల మాట కూడా. మద్రాసు టెర్రసు మిద్దె అంటే టేకు దూలాలు, వాటి మీద సన్నటి ఇటుకలు నిలువుగా, ఏటవాలుగా పేర్చి సున్నంతో కట్టింది. రాతి విగ్రహం దాని నడిమధ్యన పెట్టకూడదు. రాళ్లు కింద, కాగితాలూ బట్టలూ పైన. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు సింగ్ నగర్ ఇళ్లలోకి ఎలా వచ్చిందో ఈ హాల్లో ఉన్నవాళ్లు చూశారు. కింది గదిలో ట్రంకుపెట్టెలో ఫొటోలు, ఉత్తరాలు దాచుకున్న కుటుంబాలు ఎన్ని పోగొట్టుకున్నాయో! కాగితాలన్నీ పైకి చేర్చండి, అది ఇవాళే చేయగలిగిన పని.

ఒక కోరిక చెప్పి ప్రశ్నలకి వస్తాను. చిత్రకారుడు దామెర్ల రామారావుగారు ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, 1925లో పోయారు. రాజమహేంద్రవరంలో ఆయన పేరుతో చిత్రశాల ఉంది. ఆయన తరం చిత్రకారులు వేసిన బొమ్మలు, ఆ కాలంలో కట్టిన మేడల్లో, అప్పటి సున్నపు గోడల మీద, కిటికీ వెలుతురులో ఎలా కనిపిస్తాయో ఒక్కసారి చూడాలని ఉంది. ఆ రంగులు ట్యూబులైట్ కోసం వేసినవి కావు.

(సభలో ఒకాయన: "మేడమ్, మాది రేపల్లె పక్కన ఊరండీ. మా తాతగారు కట్టించిన మేడ ఉంది. అన్నదమ్ములం నలుగురం, ఎవరం అక్కడ ఉండం. కొట్టేద్దామని ఇద్దరంటున్నారు. మ్యూజియం లాంటిది చేయాలంటే ఎంతవుతుంది? ఎక్కడ మొదలుపెట్టాలి?")

అన్నగారూ, ఎంతవుతుందో ఇల్లు చూడకుండా చెప్తే అబద్ధం చెప్పినట్టు. మ్యూజియం అన్న మాట కాసేపు పక్కన పెట్టండి, ఆ మాట వినగానే అన్నదమ్ములు ఖర్చు చూసి భయపడతారు. ముందు పైకి ఎక్కి తూములు చూడండి. పాత మేడలు కూలేది ముసలితనంతో కాదు, తూములో రావిమొక్క మొలిచి నీళ్లు ఆగితే కూలతాయి. రావిమొక్కని పీకొద్దు, పీకితే ఇటుకతో సహా వస్తుంది. మొదలు కోసి, వేరు చచ్చేలా మందు పెట్టి, ఎండిన తరవాత తీయాలి. పెంకులు జారిన చోట సర్దించండి. గోడ చుట్టూ పేరుకున్న మట్టి, చెత్త తీయించి వాన నీళ్లు దూరంగా పోయేలా చేయండి. ఇంతవరకు పెద్ద ఖర్చు లేదు, నలుగురూ పంచుకుంటే తెలియదు కూడా.

ఆ తరవాత ప్రతి గదీ కొలిచి, గుమ్మం గుమ్మానికీ ఫొటో తీసి పెట్టండి. ఇంటి కాగితాలు ఉంటాయి చూడండి, దస్తావేజులు, టేకు కొన్న రసీదులు, మేస్త్రికి ఇచ్చిన కూలి రాసుకున్న పద్దు పుస్తకం. ఉన్నాయా?

(ఆయన: "పద్దు పుస్తకం ఒకటి ఉన్నట్టు గుర్తండీ. అమ్మ బీరువాలో.")

అయితే మీ మొదటి ప్రదర్శన ఆ పుస్తకం. ఒక బల్ల, ఒక గది, ఊరివాళ్లు చాలు. ఆ పద్దులో పేర్లున్న తాపీవాళ్ల మనవలు ఆ చుట్టుపక్కలే ఉంటారు, వాళ్లని ముందు పిలవండి. కొట్టేద్దామన్న ఇద్దరు అన్నదమ్ముల్ని కూడా.

పుస్తకాన్ని గుడ్డలో చుట్టి బీరువా పై అరలో పెట్టండి, ప్లాస్టిక్ సంచిలో వద్దు. వానలు పట్టక ముందే ఒక ఆదివారం చూసుకుని కబురు చేయండి, నేనూ మా పిల్లలిద్దరూ టేపు తీసుకుని వస్తాం. మీరు ఒక మంచి నిచ్చెన తెప్పించి ఉంచండి, ముందు తూముల దగ్గరికి ఎక్కుదాం.